ఐదో చుట్టులో ఆగిన ఇంజన్

ఎనభైల మొదట్లో మిషిగన్‌లోని నోవై చుట్టుపక్కల తెలుగువాళ్లు తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ విందుల్లో కలిసినప్పుడల్లా మా ఇద్దరి సంగతి ఎత్తి నవ్వుకునేవారు. కార్ల కంపెనీలో బుద్ధిగా పని చేసుకునే ఇద్దరు ఇంజనీర్లు సెలవు రోజుల్లో ఒంటి సీటు విమానం వేసుకుని రేసులకు పోతారంటే ఎవరికైనా నవ్వే వస్తుంది. నడిపేది నేను. ఇంజన్ కట్టేది నాకంటే ఎనిమిదేళ్లు పెద్దవాడైన గుంటూరు మిత్రుడు. అన్నా అని పిలిచేవాణ్ణి. సొంత అన్న దగ్గర కూడా నాకు అంత చనువు లేదు.

మా మధ్య ఒక ఒప్పందం ఉండేది. ఇంజన్ ఆయనది, విమానం ఒళ్లు నాది. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకూడదు. ఆ చలికాలమంతా బయట మోకాలి లోతు మంచు పడుతుంటే, ఆయన గరాజ్‌లో చిన్న హీటర్ పక్కన కూర్చుని ఇంజన్‌ని మొత్తం విప్పి మళ్లీ కట్టాడు. ప్రతి బోల్టూ రెండుసార్లు చూసేవాడు. తన చేతిపని అంటే ఆయనకు గర్వం. నా ప్రాణం ఆ చేతుల్లో ఉందన్న సంగతి ఆయన ఎప్పుడూ మరిచిపోలేదు.

సీజన్ మొదటి రేసు టెక్సాస్‌లో, ఒక పాత ఎయిర్‌ఫీల్డ్‌లో. నేలకు దగ్గరగా, స్తంభాల చుట్టూ, ఎనిమిది విమానాలు ఒకేసారి తిరగాలి. ముందురోజు అర్హత పరుగులో నాకు మూడో స్థానం వచ్చింది. దాంతో ఆశ పుట్టింది. గాలి అడ్డం పడకుండా జారిపోవడానికి రేకుల అతుకుల మీద సన్నటి టేపు అంటించడం మాకు మామూలే. మూడో స్థానంతో తృప్తి లేని నేను ఆ ఉదయం పెట్రోల్ ట్యాంకు మూత మీద కూడా టేపు వేశాను. ఆ మూతకు ఒక చిన్న రంధ్రం ఉంటుంది. పెట్రోల్ తగ్గుతున్న కొద్దీ అందులోంచి ట్యాంకులోకి గాలి పోవాలి. పోకపోతే పెట్రోల్ కిందికి దిగదు. ఇది నాకు తెలియనిది కాదు. ఆత్రంలో బుర్ర పనిచేయలేదు, అంతే.

అన్న ఒకసారి విమానం చుట్టూ తిరిగి చూస్తానన్నాడు. "ఒళ్లు నాది కదా అన్నా," అన్నాను, కాస్త విసురుగానే. ఆయన వెనక్కి తగ్గాడు.

ఐదో చుట్టులో ఇంజన్ రెండుసార్లు ఎక్కిళ్లు పెట్టి ఆగిపోయింది. అలాంటప్పుడు అందరూ చేసేదే నేనూ చేశాను. ఉన్న వేగంతో పైకి లేపి, గుంపులోంచి తప్పుకుని, రన్‌వే వైపు తిప్పాను. చక్రాలు నేలను గట్టిగా కొట్టాయి. ఎలాగో ఆగాను. విమానం దిగాను.

అన్న పరుగెత్తుకొచ్చాడు. "నీకేం కాలేదు గదరా?" అన్నాడు.

"నీ ఇంజన్ నన్ను చంపేసేది అన్నా," అన్నాను.

ఆయన మొహం పాలిపోయింది. విమానాన్ని లాగేందుకు పికప్ ట్రక్కు తేవడానికి వెళ్లాడు. అప్పుడు కనిపించింది నాకు మూత మీది టేపు. పీకగానే రంధ్రంలోంచి ఉస్సుమంటూ గాలి లోపలికి పోయింది. టేపును ఉండచుట్టి జేబులో వేసుకున్నాను. ఆయన రాగానే చెప్పాలనుకున్నాను. నోరు రాలేదు. సిగ్గు అనండి, పిరికితనం అనండి, రెండూ నిజమే.

విమానాన్ని ట్రెయిలర్ మీద వేసుకుని రెండు రోజులు డ్రైవ్ చేసి మిషిగన్ చేరాం. ఇంటికొచ్చాక విమానాన్ని కదలకుండా కట్టి స్టార్ట్ చేస్తే ఇంజన్ చక్కగా తిరిగింది. అదే ఆయన్ను ఇంకా భయపెట్టింది. ఇక్కడ తిరిగి పైన ఆగేదాన్ని ఎట్లా నమ్మాలన్నాడు. మూతకున్న రంధ్రం కూడా చూశాడు. నోటితో ఊదాడు. తెరిచే ఉంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

మూడు శనివారాలు కూర్చుని మొత్తం విప్పాడు. నేను పానాలు అందించాను, లైటు పట్టుకున్నాను. లేని తప్పు కోసం ఒక మనిషి అంత ఓపికగా వెతుకుతుంటే చూడటం నరకం. ప్రతిసారీ ఇవాళ చెప్పేస్తాననుకుని వెళ్లేవాణ్ణి. వదిన పెట్టిన భోజనం చేసి, చెప్పకుండా తిరిగొచ్చేవాణ్ణి.

మూడో శనివారం మధ్యాహ్నం, ఇంజన్‌కి పెట్రోల్ అందించే కార్బొరేటర్‌లోని చిన్న సూదిని వెలుతురుకు పట్టి చూశాడు. మొన మీద వెంట్రుకంత గీత ఉంది. దానివల్ల ఏ ఇంజనూ ఆగదు. ఆయనకు మాత్రం అది చాలింది.

"ఇదేరా. చెక్ చేసుకోకుండానే ఫిట్ చేసేశా," అన్నాడు. నా వైపు చూడలేదు. "అవునంటావా?"

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఇక దొరకదని నాకు తెలుసు.

"అదే అయ్యుంటుందన్నా," అన్నాను.

ఆయన తలూపాడు. "ఇంకెవరితోనన్నా కట్టించుకో. నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది," అన్నాడు. ఆ తర్వాత ఆయన ఎన్నడూ ఇంజన్ ముట్టుకోలేదు. ఆ మధ్యాహ్నం చేతులకున్న గ్రీజు తుడుచుకోవడానికి గుడ్డ అందించింది నేనే.