పద్నాలుగో వాక్యం, సాంబశివరావు మాస్టారు

నిన్న పొద్దున కమిటీ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాను.

"పద్నాలుగో వాక్యం తీసేస్తే ఊరుకునేది లేదు!!!"

పంపాక చూశాను. సరిగ్గా దాని పైన, నేను టైప్ చేస్తుండగా వచ్చిన మెసేజ్. సాంబశివరావు మాస్టారు వాకింగ్ నుంచి వచ్చి, కుర్చీలో కూర్చుని, అలాగే పోయారని.



కంగారుగా డిలీట్ కొట్టాను. నా ఫోన్లో మాత్రమే పోయింది. మిగతా అందరికీ, ఆ చావు కబురు కింద, నా మూడు ఆశ్చర్యార్థకాలూ అలాగే నిలబడి ఉన్నాయి.

మాస్టారు చూసుంటే నవ్వేవారు. తర్వాత అందులో రెండు కొట్టేసేవారు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఆయన ముప్పై ఏళ్ళకు పైగా సోషల్ చెప్పి రిటైరయ్యారు. తర్వాత గవర్నర్‌పేటలో ఒక ట్రస్టు వాళ్ళ స్కూళ్ళకి సోషల్ స్టాండర్డ్స్ రాసే కమిటీలో చేరారు. అంటే ఏ క్లాసు పూర్తయ్యేసరికి పిల్లలు ఏం చేయగలగాలో ఒక్కో వాక్యంలో రాయడం.

వినడానికి తేలిక. నేను ఆ పని మీద నాలుగుసార్లు రాజీనామా చేశాను.

మా పరిచయం ఆ ఆఫీసు మెట్ల దగ్గరే. "సోషల్ పుస్తకంలో రాజులున్నారు, రైతులేరీ?" అని నేనే రాసి, జిరాక్స్ తీయించి పంచుతున్నాను. పైకెళుతున్న పెద్దాయన ఒకటి తీసుకున్నారు. పావుగంటకి దిగొచ్చి నా చేతిలో పెట్టారు. నిండా ఎర్ర ఇంకు.

"కోపం బానే ఉందయ్యా. పిల్లాడు ఏం చెయ్యాలో మాత్రం ఎక్కడా లేదు. పైకి రా, టీ తాగుదువుగాని."

ఆ రోజు నుంచి నేనూ ఆ కమిటీలోనే. ఆయన నోట నా పేరు కరపత్రం.

నేను రాసిన మొదటి వాక్యం: "విద్యార్థి సమాజంలోని దోపిడీని లోతుగా అర్థం చేసుకుంటాడు."

"అర్థం చేసుకున్నాడని నీకెలా తెలిసిందయ్యా? ఎక్స్‌రే తీయించావా?"

కొట్టేశారు.

"ఎదిరిస్తాడు" అని మార్చాను.

"ఎవర్ని, నన్నా? క్లాసులో నలభై మంది. ఒక్కొక్కడే వస్తాడా, అందరూ కలిసొస్తారా? పరీక్ష పేపర్లో ఎన్ని మార్కులు వేద్దాం?"

అక్కడికక్కడే రాజీనామా రాసిచ్చాను. ఆయన కాగితం తిరగేసి, "వెనకంతా తెల్లగానే ఉంది" అని తర్వాతి వాక్యం దాని మీదే మొదలుపెట్టారు.

నాలుగు రాజీనామాలకీ అదే గతి. మా డ్రాఫ్ట్ సగం వాటి వెనకే ఉంది.

ఇక పద్నాలుగో వాక్యం సంగతి. నేను రాసింది, "ఏడో తరగతి విద్యార్థి సాగునీటి పంపిణీలోని అసమానతలను విశ్లేషిస్తాడు." ఆయన కొట్టెయ్యలేదు. చెప్పులేసుకున్నారు.

"పద, విశ్లేషిస్తాడేమో చూసొద్దాం."

బస్సులో నాగాయలంక వైపు, కాలవ చివర ఉన్న ఊరి బడికి తీసుకెళ్ళారు. చాలావరకు చేపలు పట్టేవాళ్ళ పిల్లలు. నేను అసమానతల మీద పది నిమిషాలు ఆవేశంగా మాట్లాడాను. ఒక్కడే చెయ్యెత్తాడు. బాత్‌రూముకి.

అప్పుడు మాస్టారు బల్ల మీద కూర్చుని, "మీ ఊరికి కాలవ నీళ్ళు ఎప్పుడొస్తాయర్రా?" అన్నారు.

అంతే, క్లాసంతా ఒకేసారి లేచింది.

"పై ఊరోళ్ళు తూము కాడ అడ్డేసేత్తారండి!"

"ఆళ్ళ చెరువులు నిండాకేనండి మాకు!"

ఒక పిల్ల వచ్చి, సుద్దముక్క లాక్కుని, నేల మీద కాలవంతా గీసేసింది. ఎక్కడ తూము, ఎక్కడ మోటార్లు, ఎవరి చేను ముందు, ఎవరిది ఆఖరు. గీసి, తలెత్తి నన్నడిగింది.

"మీ ఇంటి కాడ ఏ కాలవండీ?"

మాది గుణదల. రోజూ దాటే కాలవే. పేరు గుర్తు రాలేదు. అసలు తెలిస్తే కదా.

"ఏంటండీ, రోజూ చూత్తారు కదా!"

మాస్టారు జేబులోంచి కాగితం తీసి రాసుకున్నారు. "కరపత్రం: ఈ స్థాయి ఇంకా చేరుకోలేదు."

తిరుగు బస్సులో ఇద్దరం కలిసి రాశాం. "తన ఊరికి నీళ్ళు వచ్చే దారిని గీస్తారు. ముందు ఎవరికి అందుతాయో, చివర ఎవరికో, ఎందుకో ఊళ్ళో అడిగి చెబుతారు."

మా కమిటీ కన్వీనర్ గారికి అది నచ్చలేదు. పై ఊళ్ళ పేరెంట్స్ గొడవ చేస్తారని ఆయన భయం. మంగళవారం ఫైనల్ మీటింగులో తీసేద్దామన్నారు. నా మెసేజ్ అందుకే.

నిన్న మధ్యాహ్నం పటమటలో మాస్టారి ఇంటికి వెళ్ళాను. కన్వీనర్ గారు నన్ను పక్కకి పిలిచి భుజం మీద చెయ్యేశారు.

"ఇక గొడవెందుకయ్యా. మాస్టారి జ్ఞాపకార్థం ఆ వాక్యం ఉంచేద్దాంలే."

నేను గెలిచాను. సంతోషించాలి. నాకు ఒళ్ళు మండిపోయింది.

"జ్ఞాపకార్థమైతే వద్దండీ! ఆయన ఒక్క వాక్యం మొహమాటానికి ఉంచారా? కాలవ చివరి ఊళ్ళోనే చూశాం. పై ఊరి బడిలో కూడా అడుగుదాం. ఆ పిల్లలూ గీసి చెబితే ఉంచండి. చెప్పలేకపోతే నేనే కొట్టేస్తాను."

గొంతు ఎంత లేచిందో నాకు తెలీలేదు. ఇంట్లో ఉన్నవాళ్ళంతా నా వైపు తిరిగారు.

"అచ్చం ఆయనలాగే ప్రాణం తీస్తావు కదయ్యా!" అని గట్టిగా అనేసి, ఎక్కడ నిలబడ్డారో గుర్తొచ్చి, కన్వీనర్ గారు నాలుక కరుచుకున్నారు.

ముందు నవ్వింది మాస్టారి భార్య. తర్వాత అందరం.

సోమవారం పొద్దున బస్సుకి పై ఊరి బడికి వెళుతున్నాం. కన్వీనర్ గారు కూడా వస్తానన్నారు.

పై ఊరి పిల్లలు కింద ఊరి గురించి ఏం చెబుతారో నాకు తెలీదు. మొదటిసారి, ఉపన్యాసం రాసుకోకుండా వెళుతున్నాను. భయంగా ఉంది మాస్టారూ. కానీ ముందు అడుగుతాను. వాళ్ళు చెప్పేదాకా నోరు మూసుకుని ఉంటాను.

వెళ్ళిరండి. ఇక విశ్రాంతి తీసుకోండి.