పూత అన్న మాట

ఈ మధ్య మనవాళ్ళు కొందరు రైఫిల్ గురి సరిచేయించుకోవడానికి పిల్లలను కూడా నా షాప్‌కు తీసుకువస్తున్నారు. పిల్లల చేతిలో పని తప్పితే నా ఎదుటే నవ్వుతున్నారు. అందుకే ఇది ఇప్పుడు చెప్పవలసి వస్తోంది.

మా చిన్నప్పుడు... చాండ్లర్ ఊళ్ళో మా గరాజే నాన్న వర్క్‌షాప్. నాకు పన్నెండేళ్ళు. పిల్లల పోటీకి నా కోసం ఒక పాత బోల్ట్ యాక్షన్ రైఫిల్ సిద్ధమవుతోంది. దాని వాల్‌నట్ చెక్క స్టాక్‌ను, అంటే భుజానికి ఆనించే పిడిని, వేసవి సెలవులంతా గరుకు కాగితంతో నేనే నునుపు చేశాను...

ఇనుప భాగం చెక్కలో ఏమాత్రం కదలకూడదు. కదిలితే గురి నిలవదు. అందుకని చెక్కలో ఎపాక్సీ జిగురు నింపి, ఇనుమును అందులో కూర్చోబెట్టి గట్టిపడనిస్తారు. మళ్ళీ ఊడిరావాలంటే ఇనుముకి ముందే మైనం రాయాలి.

"ముందు ఇనుముకి పూత వెయ్యి, తర్వాత మెల్లగా కూర్చోబెట్టు" అని చెప్పి, ఆఫీస్ కాల్ వస్తే నాన్న లోపలికి వెళ్ళారు.

నాకు తెలిసిన పూత ఒక్కటే... ఎదురుగా కలిపి ఉన్న ఎపాక్సీ. శ్రద్ధగా, రెండుసార్లు పూశాను.

మరునాడు స్క్రూలన్నీ తీసినా ఇనుము చెక్కలోంచి ఊడలేదు. నాన్న శనివారం స్నేహితులు వచ్చేదాకా ఆగారు.

"అంకుల్స్‌కి చెప్పు, ఏం పూశావో."

"ఎపాక్సీ, అంకుల్."

"ఇంక స్క్రూలెందుకే అమ్మాయ్, అమ్మేసెయ్!" అన్నారు ఒకాయన. అందరూ నవ్వారు.

నాన్న ఉలి తీశారు.

"డాడీ, ప్లీజ్, కట్ చెయ్యకు. నెక్స్ట్ వీక్ నా మ్యాచ్ ఉంది."

"మ్యాచా? నీకా? పట్టుకో. గట్టిగా... నువ్వే పట్టుకోవాలి."

పట్టుకున్నాను. ఒక్కొక్క దెబ్బకూ చెక్క పేడులుగా లేచి నా మణికట్టుకు తగిలేది. నవ్విన అంకులే చివరకు, "వదిలెయ్ రా, చిన్నపిల్ల" అన్నారు.

"ఇప్పుడైతేనే గుర్తుంటుంది" అన్నారు నాన్న.

ఇనుము మీద గీత పడలేదు. ఆ సంగతి ఆయన అందరికీ చూపించారు. నేను పోటీకి వెళ్ళలేదు.

చాలా ఏళ్ళకు గన్‌స్మిత్ కోర్సులో మా టీచర్ అలాగే అతుక్కుపోయిన రైఫిల్‌ను రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టించారు. చలికి ఇనుము కాస్త ముడుచుకుంటుంది. ఉదయం రబ్బరు సుత్తితో రెండు దెబ్బలు... ఊడివచ్చింది. చెక్క చెక్కుచెదరలేదు.

మా గరాజ్‌లోనూ డీప్ ఫ్రీజర్ ఉండేది... మునక్కాయలు, కొబ్బరి తురుముతో నిండి, నేను నిలబడిన చోటికి నాలుగడుగుల దూరంలో.

ఇప్పుడు ఈ కిటుకు ఎవరి ఫోన్‌లోనైనా నిమిషంలో దొరుకుతుంది. నా దగ్గర నేర్చుకునే పిల్లలకు నేను 'పూత' అనను. మైనం అంటాను, ఎపాక్సీ అంటాను, డబ్బా చేతికిచ్చి పేరు చదివిస్తాను. మీకూ ఇలా ఒక్క మాట తప్పుగా అర్థమై చేయి జారిపోయినవి ఉంటే కింద రాయండి... ఇక్కడ ఎవరూ నవ్వరు.

నాన్న పోయి ఆరేళ్ళు. ఫ్రీజర్ సంగతి ఆయనకు ఆ రోజు తెలుసో, తెలియదో... నాకు తెలియదు.