ఏరు దాటని దారి

మొన్న మా మనవరాలు ఫోన్ చేసింది. మొగుడూ పెళ్ళాం సెలవులకని యూరప్ వెళ్ళారు. లండన్‌లో రైలెక్కి రేవు దాకా వెళ్ళి, చేతిసంచులతో నడుచుకుంటూ ఓడెక్కి, తెల్లారాక హాలండ్‌లో దిగి, మళ్ళీ రైలెక్కారట. రైలుకీ ఓడకీ కలిపి ఒకటే టికెట్టట. ఇలాంటి ప్రయాణం ఎప్పుడైనా విన్నావా అమ్మమ్మా అని అడిగింది. వినడమేమిటి, నీ వయసులో మూడో వంతు లేనప్పుడే చేశాను అన్నాను. ఓడ బదులు గూటి పడవ, అంతే తేడా. అది నవ్వింది, నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే నా అరచేతులు చెమట పట్టి ఉన్నాయి. పడవా రైలూ ఒకే మాటలో వింటే ఇన్నేళ్ళయినా నాకు అలాగే అవుతుంది.

అవి యుద్ధం రోజులు. నాకు తొమ్మిదేళ్ళుంటాయి. మాది భట్టిప్రోలు స్టేషనుకి దగ్గర్లో ఒక పల్లె. మా అక్కని కృష్ణకి అవతల, కూచిపూడి పక్క ఊళ్ళో ఇచ్చారు. పొద్దున్నే బండి కట్టుకుని రేవుకి పోయి పడవలో ఏరు దాటితే భోజనాల వేళకి ఇంట్లో ఉండే దూరం. కానీ మా నాయనమ్మ ఆ రేవు పడవ ఎక్కేది కాదు. అక్కని కాపురానికి దిగబెట్టేటప్పుడు కూడా రైల్లో బెజవాడ వెళ్ళి, అక్కణ్ణుంచి బందరు కాలువ మీద పడవలో దిగి, ఊరంతా చుట్టి వచ్చింది. రైలు వంతెన దగ్గర పడుతోందంటే కొంగు మొహం మీద కప్పుకుని నిద్రపోయేది. వంతెన దాటగానే ఎవరూ లేపకుండానే మెలకువ వచ్చేది. దాన్ని మేమంతా చాదస్తం కింద జమకట్టి చాటుగా నవ్వుకునేవాళ్ళం. గొడ్ల సావిట్లో దూరిన తాచుపాముని చేటతో అదిలించిన మనిషికి ఏరంటే భయం ఉంటుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

అక్కకి తొలి కాన్పు. ఏడో నెలలోనే పుట్టింటికి తేవలసింది, వాళ్ళ అత్తగారు జ్వరంతో మంచాన పడి వీలు కాలేదు. ఎనిమిదో నెల సరి నెల, కదపకూడదు. తొమ్మిదో నెల రాగానే నాయనమ్మ నన్ను తోడు తీసుకుని వెళ్ళింది. అక్క మామగారు మెల్లగా రేవు సంగతి ఎత్తారు. కడుపుతో ఉన్న పిల్ల ఏరు దాటకూడదంది నాయనమ్మ. మరి రైల్లో వెళ్ళినా దాటేది ఆ కృష్ణనే కదండీ అన్నారాయన. వంతెనంటే ఇనుముతో కట్టిన నేల, దాని మీద పోవడం ఏరు దాటడం కిందికి రాదంది. కాలువ మాటేమిటన్నారు. కాలువని మనం దాటడం లేదుగా, గట్టు వెంట పోతున్నాం అంది. ఆయన కోర్టు పక్షుల్తో వాదించి గెలిచిన మనిషి, నాయనమ్మ ముందు కండువా దులుపుకుని లేచిపోయారు. అలా సగం పూట ప్రయాణం కాస్తా పగలంతా సాగే ప్రయాణమైంది.

తెల్లారకముందే, మబ్బులోనే పడవెక్కాం. బెజవాడ వైపు అంటే ఎదురు నీరు. కళాసులు గట్టు మీద నడుస్తూ తాడు భుజాన వేసుకుని లాగుతుంటే పడవ కదులుతోందో గట్టే కదులుతోందో తెలిసేది కాదు. తారు వాసన, తడి గోనె వాసన, పొయ్యి మీద సరంగు వండుకునే చేపల పులుసు వాసన. మాతోపాటు కూచిపూడి భాగవతుల మేళం ఒకటి తెనాలిలో ఆటకి వెళ్తోంది. వాళ్ళ పెద్దాయన్ని నాయనమ్మ పంతులుగారూ అని పిలిచేది. ఆడవేషాలు కట్టే మనిషేమో, కాటుక పూర్తిగా పోని కళ్ళతో, ఆకు నములుతూ కూడా ఎంతో వయ్యారంగా కూర్చునేవాడు. నేను ఆయన్నే చూస్తూ అరిసె ముక్క కొరుకుతున్నాను. అప్పుడే అక్క నా చెయ్యి పట్టుకుంది. గాజులు నా మణికట్టులో దిగిపోయేంత గట్టిగా పట్టుకుంది. అరవబోయి దాని మొహం చూసి ఆగిపోయాను. పై పెదవి మీద చెమట. "నాయనమ్మకి చెప్పకు. చెప్తే మళ్ళీ వెనక్కి తీసుకుపోద్ది. నేను అమ్మ దగ్గరికి పోవాలి" అంది నా చెవిలో.

ఆ తర్వాత ఆ పగలంతా నాకు భయం తప్ప ఇంకేం గుర్తులేదు. అక్క చెయ్యి బిగుసుకోవడం, వదలడం, మళ్ళీ బిగుసుకోవడం. మా ఊళ్ళో ఆ ఏడే ఒకావిడ పురిట్లో పోయింది. ఆవిణ్ణి తీసుకుపోతుంటే తలుపు సందులోంచి చూశాను. అక్క కూడా అలాగే పోతుందని, తెలిసీ చెప్పనందుకు నన్నే అంటారని అనుకుంటూ కూర్చున్నాను. ఇంతలో లాకుల దగ్గర వడ్ల పడవలు బారులు తీరాయి. లోపల నీళ్ళు నిండి తలుపులు తెరుచుకునేదాకా ఎవరేం చెయ్యలేరు. సరంగు తాపీగా చుట్ట ముట్టించుకున్నాడు. ఆ చుట్టతో సహా అతన్ని కాలవలో తోసెయ్యాలనిపించింది నాకు.

బెజవాడలో జట్కా దిగి స్టేషన్లోకి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. రైలు నిండా బాంబుల భయంతో పట్నం వదిలి పోయే జనం, సిపాయిలు. ఆడవాళ్ళ పెట్టె దాకా నడిచే ఓపిక అక్కకి లేదు. భాగవతులవాళ్ళు ఎక్కిన పెట్టెలోకే మమ్మల్నీ లాగారు. రైలు కదిలాక అక్క ఇక దాచలేకపోయింది. నాయనమ్మ దాని మొహం ఒకసారి చూసింది, నా మొహం ఒకసారి చూసింది. కొంగు నడుముకి బిగించింది. పంతులుగారు చకచకా ట్రంకుపెట్టె తెరిచి, ఆటలో వేషం రంగం మీదికి వచ్చేటప్పుడు ఇద్దరు పట్టుకునే తెర బయటికి తీశారు. తెరకి మైల అంటుతుందని మేళంలో ఎవరో గొణిగారు. దానికీ ఓ స్నానం చేయిద్దాం లేవోయ్ అని ఆయనే ఒక కొస పట్టుకున్నారు. మగవాళ్ళంతా వీపులు తిప్పి నిలబడ్డారు. ఎర్ర పట్టు తెర వెనక మేం ముగ్గురం మిగిలాం.

సరిగ్గా వంతెన మీద రైలు ఆగిపోయింది. ఎదర లైను మీద ఏదో మిలిటరీ బండి ఉందన్నారు. చక్రాల చప్పుడు పోయేసరికి కింద నీళ్ళ హోరు వినపడింది. వానలు వెనకబట్టినా కృష్ణ ఇంకా నిండుగానే ఉంది. తలుపు పక్కనే కూర్చున్నామేమో, కిందికి చూస్తే ఇనప దూలాల మధ్య నుంచి ఎర్రనీళ్ళు తిరుగుతూ పోతున్నాయి. నాయనమ్మ కూడా చూసింది. కొంగు కప్పుకోవడానికి ఈసారి వీల్లేకపోయింది. ఊళ్ళో సగం మంది పిల్లల్ని లోకంలోకి తెచ్చిన ఆ చేతులు గాల్లోనే ఆగిపోయాయి. వేళ్ళు వణకడం నేను చూశాను. పెద్దవాళ్ళు భయపడతారని నాకు అంతవరకూ తెలియదు. అక్క చచ్చిపోతుందన్న భయం కంటే అది ఇంకా పెద్ద భయం.

"నాయనమ్మా, నీళ్ళు చూడకు. నన్ను చూడు" అంది అక్క పళ్ళ బిగువున.

నాయనమ్మ పెదవులు కదిలాయి. "నేను దాటానమ్మా. తొమ్మిదో నెల్లో. ఆ రేవులోనే. పడవ ఒరిగింది. నా మొదటి బిడ్డ అక్కడే..." అని ఆగిపోయింది. ఆవిడ మొదటి బిడ్డ మా నాన్నే అని నేను అనుకునేదాన్ని. ఇంట్లో అందరూ అలాగే అనేవాళ్ళు.

అక్క చెయ్యి చాపి ఆవిడ చెంప పట్టుకుని తన వైపు తిప్పుకుంది. నాయనమ్మ కళ్ళు గట్టిగా మూసి తెరిచి, నీళ్ళకి వీపు పెట్టి కూర్చుంది. ఆ తర్వాత ఆవిడ గొంతులో వణుకు పోలేదు గానీ చేతుల్లో పోయింది. ఎంతసేపు గడిచిందో చెప్పలేను. రైలు కుదుపుతో మెల్లగా కదిలింది. అక్క తల నా ఒళ్ళో ఉంది. నేను ఏడుస్తూనే దాని జుట్టు నిమురుతున్నాను.

బిడ్డ బయటికి వచ్చాడు. ఏడవలేదు. నల్లగా, జారిపోతూ, ఏమీ అనకుండా ఉన్నాడు. నాయనమ్మ వాణ్ణి తలకిందులుగా పట్టుకుని వీపు మీద తట్టింది, మళ్ళీ తట్టింది. తల తిప్పకుండానే తెర అవతలికి అడిగింది, "పంతులుగారూ, నేల వచ్చిందా?"

"వచ్చిందమ్మా. ఎప్పుడో వచ్చింది" అన్నారాయన.

తెర అంచు పక్కనించి నాకు బయట కనిపిస్తోంది. కింద ఇంకా నీళ్ళే. ఆయనకీ కనిపిస్తున్నాయి. నాయనమ్మ గట్టిగా ఊపిరి పీల్చుకుని, వాడి నోట్లో వేలు పెట్టి తీసి, మళ్ళీ తట్టింది. వాడు గుక్కపెట్టి ఏడ్చాడు.

అక్క కొడుకు నేల మీదే పుట్టాడని నాయనమ్మ పోయేదాకా అందరికీ చెప్పుకుంది. పంతులుగారి మాటని నేను ఎప్పుడూ కాదనలేదు, అక్కకి కూడా చెప్పలేదు. ఆ మొదటి బిడ్డ ఊసు మాత్రం ఆవిడ మళ్ళీ ఎత్తలేదు. వెన్నెల్లో పక్క మీద పడుకున్నప్పుడు, ఆవిడ చెయ్యి నా తల మీద ఉన్నప్పుడు, అడుగుదామని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. ఆడపిల్లా, మగపిల్లాడా, పేరు పెట్టుకునేంత సేపైనా ఆ బిడ్డ ఒళ్ళో ఉందా అని. ప్రతిసారీ వంతెన మీద వణికిన ఆ వేళ్ళు గుర్తొచ్చి భయమేసి ఊరుకున్నాను. నాకు అడిగే ధైర్యం వచ్చేసరికి చెప్పగలవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు.