ఇద్దరు బుల్లెమ్మలు

మొన్న మా మనవరాలు ఫోనులో నా కార్డు మీది చిరునామా మార్చి, మార్పు జరిగిందని తెర మీద పడగానే లేచి వెళ్లబోతే, ఆ కార్డు మళ్ళీ తెరిచి చూపించేదాకా నేను వదల్లేదు. తెరిస్తే పాత ఇంటి నంబరే ఉంది. పిల్ల నోరెళ్లబెట్టి మళ్ళీ చేసింది, ఈసారి మారింది. నాకీ పట్టుదల ఎక్కడ అబ్బిందో మన వయసువాళ్లకయితే చెప్పుకోవచ్చు.

ఎనభైల మొదట్లో మాట. రాజోలు పక్క మా ఊళ్లో, ఏ ఇంట్లోనైనా చిట్టచివర పుట్టిన ఆడపిల్లని బుల్లెమ్మ అనేవాళ్లం. మా చెల్లెలికి బాప్తిస్మంలో పెట్టిన పేరు మార్తమ్మ. దాన్ని బడిలో వేయడానికి వెళ్లిన మా నాయనమ్మ మాత్రం, పేరడిగితే ఇంట్లో పిలిచే పేరే చెప్పి వచ్చేసింది. పదో తరగతి ప్యాసయి నర్సు ట్రైనింగుకి దరఖాస్తు పెట్టేసరికి చర్చి కాగితంలో ఒక పేరు, బడి కాగితంలో ఒక పేరు. రెండూ కలిస్తేనే సీటన్నారు, సోమవారం ఆఖరన్నారు. ఈ చెల్లెల్ని ఎత్తుకోవడానికే నేను రెండో తరగతిలో బడి మానేశాను. దాని సీటు పోతే నేను మానింది కూడా వృథాయే కదా అనిపించింది.

నాన్న కొబ్బరి ఒలుపుకి వెళ్లిపోతే, శనివారం పొద్దున్న పేరు మార్చమని పై ఆఫీసు ఇచ్చిన ఉత్తర్వు పట్టుకుని నేనే బడికి వెళ్లాను. పాత పేరు మీద ఎర్ర సిరాతో గీత గీసి, పైన కొత్త పేరు రాసి, పక్కన హెడ్మాస్టరుగారు పొట్టి సంతకం పెడతారని చెల్లెలు చెప్పి పంపింది. గుమాస్తాగారు లోపలికెళ్లి, కాసేపటికి చేతులు దులుపుకుంటూ వచ్చేరు.

"మార్చేసేనమ్మాయ్, ఇంక వెళ్లు."

"ఒక్కసారి చూపించండి బాబూ."

"చూస్తే నీకు చదువొచ్చేస్తాదా?"

"చదువు రాదండి. ఎర్ర గీత కనపడుద్ది కదండీ."

ఆయన విసుక్కుంటూనే రిజిష్టరు తెచ్చి నా ముందు పడేశారు. గీత నిజంగానే ఉంది, సిరా ఇంకా తడిగానే ఉంది. కానీ నేను కూడబలుక్కోకుండా చదవగలిగిన మాట ఒక్కటే, మా నాన్న పేరు. గీత పడిన వరసలో ఆ పేరు లేదు. కూడబలుక్కుంటే పడవ నడిపే ఆయన పేరు తేలింది, ఆయన చిన్న కూతురూ బుల్లెమ్మే. నాలుగు వరసల కింద ఉంది, అక్కడ మా బుల్లెమ్మ చెక్కుచెదరకుండా అలాగే ఉంది.

"గీత పడింది గానండీ, మా పిల్ల మీద పడలేదండి. రేవు దాటించే ఆయన కూతురికి మార్తమ్మని పేరెట్టేసేరు!"

నా కేక విని బయటికొచ్చిన హెడ్మాస్టరుగారు కళ్లజోడు సవరించుకుని చూసి, "ఏమయ్యా, ఈవిడ రాకపోతే ఇద్దరు పిల్లల్నీ ముంచేసేవాడివి కదా" అన్నారు. గుమాస్తాగారు "ఆయ్" అని తల దించుకుని రెండు వరసలూ సరిచేశారు.

చెల్లెలికి సీటొచ్చింది. ఆ తరవాత ఊళ్లో ఎవరు ఏ కాగితం మార్పించుకోవాలన్నా "గీత చూసే అక్కగారు" అంటూ నన్ను వెంటబెట్టుకు వెళ్లేవారు. రెండో తరగతి మనిషికి అంతకన్నా ఏం కావాలి?

మార్తమ్మ సిస్టరుగారని ఎందరి చేతో అనిపించుకుని చెల్లెలు రిటైరయింది. మా ఇంట్లో మొదటి నెలజీతం దానిదే అని చెప్పేటప్పుడు నా గొంతు ఇప్పటికీ కొంచెం పెద్దదవుతుంది. ఆ రోజుల్లో గీత కింద పాత పేరు చదువుకోవడానికి వీలుగానే మిగిలి ఉండేది. ఇప్పటి రికార్డుల్లో కొత్తది రాగానే పాతది ఆనవాలు లేకుండా పోతుందట. నాయనమ్మ, నాన్న పోయాక దాన్ని బుల్లెమ్మా అని పిలిచేదాన్ని నేనొక్కదాన్నే ఉన్నాను. అలా పిలిస్తే, అరవైకొచ్చిన మనిషి, ఎంత పనిలో ఉన్నా "ఆయ్, అక్కా" అనే పలుకుతుంది.