రూతమ్మక్కా, నాకు స్కార్ఫ్ కట్టి నువ్వెందుకు దాచుకున్నవ్?

నిన్న పొద్దున ఉప్మా కలుపుతుంటే రూతమ్మక్క బిడ్డ సునీత ఫోన్ చేసింది.

"చిన్నమ్మా... అమ్మ చనిపోయింది."

నా నోట్లోంచి వచ్చిన మాట ఏంటో తెలుసా? "నడుం నొప్పికి ఎవరన్న చస్తరా సునీతా?"

మాకందరికీ అక్క చెప్పింది అదే కదా. నడుం నొప్పి, శ్రీరాంపూర్‌లో బిడ్డ దగ్గర నాలుగు రోజులు రెస్ట్ తీసుకుని వస్తా అని.

ఈ రోజు మధ్యాహ్నం సమాధి చేసి వచ్చాం. ఏడుపు వస్తోంది. కానీ నిజం చెప్తున్నా, ఏడుపు కన్నా ఎక్కువ కోపం వస్తోంది.

అక్కను తెలియని వాళ్ళ కోసం...

బావ పోయాక బొగ్గు గనిలో ఆయన ఉద్యోగం అక్కకు వచ్చింది. గని పైన ల్యాంప్ రూమ్‌లో డ్యూటీ. లోపలికి దిగే ప్రతి ఒక్కరికీ టోపీకి పెట్టుకునే బత్తి చేతికిచ్చి, "దేవుడు తోడుంటడు, పోయి రా తమ్మీ" అనేది. క్రిస్టియన్ కాని వాళ్ళు కూడా ఆ మాట వినకుండా దిగేవాళ్ళు కాదు.

ఒకరోజు మా ఆయన డ్యూటీకి లేటైందని మసక బత్తి పెట్టుకునే పోతుంటే అక్క వెనక్కి పిలిచి అందరి ముందూ కడిగేసింది.

"బత్తి సక్కగ లేకుంటే చెప్పాలె తమ్మీ. చెప్పకుండ దిగితే నీతోని పాటు పక్కోడు సుత ఆగమైతడు."

ఆయన ఇంటికొచ్చి, "మీ చర్చి సంఘం అక్క నా ఇజ్జత్ తీసింది" అని రెండు రోజులు గొణిగాడు. మూడో రోజు నుంచి ముందు బత్తి చూసుకునే దిగేవాడు.

కొన్నేళ్ళ కింద అక్కకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్, కీమో, అన్నీ అయ్యాయి. రిపోర్ట్ బాగా వచ్చాక ఒక ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పింది. ప్రభువు నన్ను ముట్టి బాగుచేశాడు అని.

చర్చి మొత్తం చప్పట్లు. పాస్టర్ అయ్యగారు ఆ సాక్ష్యం మీటింగుల్లో మళ్ళీ మళ్ళీ చెప్పించారు. ఏ ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టినా, "అక్కా, నీ సాక్ష్యం చెప్పు" అనేవాళ్ళం.

అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

పోయిన ఏడాది అదే జబ్బు నాకు వచ్చింది.

మంచిర్యాలలో డాక్టర్ చెప్పగానే, మా ఆయన కన్నా ముందు అక్కకే ఫోన్ చేశా. "అక్కకు తగ్గింది, నాకూ తగ్గుతుంది." నేను పట్టుకున్నది ఆ ఒక్క మాటే.

రెండో కీమోకి జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. చర్చికి పోవడం మానేశా. ఆదివారం పొద్దున్నే అక్క నీలం స్కార్ఫ్ పట్టుకొని వచ్చింది. నా తలకు తనే కట్టింది.

"జుట్టుకు సిగ్గేంది చెల్లె? నాది పోలేదా? మళ్ల రాలేదా? నడువు."

తన జడ ముందుకు లాగి చూపించింది. తీసుకుపోయి మొదటి వరసలో కూర్చోబెట్టింది.

నిన్న శ్రీరాంపూర్‌లో, అక్కకు కట్టడానికి తెల్లచీర వెతుకుతుంటే బట్టల కింద ఫైల్ దొరికింది.

జబ్బు తిరగబెట్టింది. రిపోర్ట్ మీద తేదీ చూశా. నాకు స్కార్ఫ్ కట్టిన ఆదివారానికి ముందుది.

మళ్ళీ కీమో చెయ్యాలని డాక్టర్లు రాశారు. అక్క వద్దంది.

ఎందుకే అని సునీతను అడిగా. అది గోడకు ఆనుకుని ఏడ్చింది.

"మళ్ల జుట్టు ఊడితే సంఘానికి ఎరుకైతది అన్నది చిన్నమ్మా. నా సాక్ష్యం ఏమైతది అన్నది. నువ్వు అమ్మను చూసే ధైర్యంగ ఉన్నవట. నీకు అస్సలు చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నది."

నాకు సిగ్గేంది అని చెప్పిన మనిషి!

నమ్మించి మోసం చేసినవ్ అక్కా. నా చెయ్యి పట్టుకొని నువ్వు చెప్పిన ధైర్యంలో ఇంత అబద్ధం ఉందా? మా ఆయన్ని అంత తిట్టి, నువ్వే మసక బత్తితోని దిగినవా?

నిన్నంతా ఇట్లాగే తిట్టుకున్నా.

కానీ ఈ రోజు సమాధి దగ్గర మట్టి వేస్తుంటే ఒకటి గుర్తొచ్చింది. అప్పటి నుంచి అన్నం దిగడం లేదు.

ఆ రిపోర్ట్ వచ్చిన రోజుల్లోనే ఒకసారి స్త్రీల కూడిక అయ్యాక ఇద్దరం టీ గ్లాసులు కడుగుతున్నాం. అక్క మెల్లగా అడిగింది.

"చెల్లె, సాక్ష్యం చెప్పినంక మళ్ల జబ్బొస్తే ఏం చెయ్యాలె?"

నేను నవ్వాను. "అట్ల అనకక్కా, అది అవిశ్వాసం" అన్నా.

అక్క గ్లాసులు తుడిచి, బోర్లించి వెళ్ళిపోయింది.

అక్క చెప్పాలనే వచ్చింది. నోరు మూయించింది నేను.

తగ్గితేనే చప్పట్లు కొట్టాం మనం. తిరగబెట్టిన మనిషి లేచి నిలబడటానికి మన చర్చిలో చోటు ఉంచలేదు. దేవుడు ఎప్పుడూ అడగని పరువు అక్క నెత్తిన పెట్టాం. నేనూ పెట్టాను.

సోమవారం నా చెకప్.

దానికి ముందు రోజు ఆదివారం, సాక్ష్యాల టైంలో నేను లేస్తా. స్కార్ఫ్ లేకుండానే. జుట్టు వేలెడంత వచ్చింది, చూస్తే చూడనీ. తగ్గిందని చెప్పను. భయంగా ఉంది, నా పక్కన నిలబడండి అని అడుగుతా.

మీలో ఎవరైనా నడుం నొప్పి అని చెప్పి ఇంకేదో దాచుకుంటే, నాతో పాటు లేవండి. జబ్బే కానక్కర్లేదు. ఇంట్లో తాగుడు కావచ్చు, పిల్లల బాధ కావచ్చు. అవిశ్వాసం అని ఈసారి నేను అనను. ప్రభువు కూడా అనడు, నాకు నమ్మకం ఉంది.

పోయి రా అక్కా. నీ మీద కోపం ఇంకా పోలేదు.

ఇప్పుడు ఎవరికీ ధైర్యం చెప్పే పని లేదు నీకు. నొప్పైతే నొప్పి అని ప్రభువుకు చెప్పుకొని, ఆయన ఒళ్ళో నిమ్మళంగా పండుకో.