కిటికీ పక్క మంచం

మా ఆయనకు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయినప్పుడు, మా అబ్బాయి ఉండే వసంత్ కుంజ్ దగ్గరి ఆసుపత్రిలో నేనే తోడున్నాను. గదిలో రెండు మంచాలు. మాది తలుపు వైపుది. కిటికీ పక్కన ఒక హర్యానా పెద్దాయన ఉండేవాడు. కాలి పుండుకు చీము పట్టింది. నొప్పి వచ్చినప్పుడల్లా మంచం కడ్డీని బిగించి పట్టుకునేవాడు. ఒకనాటి ఉదయం మా ఆయన్ను ఎక్స్‌రేకు తీసుకువెళ్ళాక, ఆ పెద్దాయన పోయాడు. గుడ్డ కప్పి తీసుకుపోయారు. కడ్డీ మీద చేతి జిడ్డు మిగిలింది.

మా మంచానికి తలవైపు ఎత్తే పిడి విరిగింది. మా ఆయన్ను కిటికీ వైపుకు మారుస్తామంది నర్సు.

"మనిషి పోతే గదే మూసిపెడతాం మేము. ఆయన పోయిన మంచం మీదే పడుకోబెడతారా?" అన్నాను.

"ఇక్కడ మూసిపెడితే పేషెంట్లు వరండాలో పడుకోవాలమ్మా. శుభ్రం చేస్తారుగా," అన్నాడు నా కొడుకు.

వార్డు శుభ్రం చేసే ఆవిడ వచ్చింది. పరుపు రెండు వైపులా, కడ్డీలూ, పిలుపు గంట మీటా మందునీళ్ళతో తడిపేసింది. చుక్కలు కారుతున్నాయి. ఇంట్లో గిన్నె మూత కూడా తడిగా వదలను నేను. పైగా ఆ కడ్డీ మీద ఇంకా ఆ చెయ్యి ఉన్నట్టే తోచింది. చీర కొంగుతో గట్టిగా రుద్దాను.

"అరే అమ్మాజీ, రహనే దో, వదిలెయ్యండి!" అందావిడ. " తడి ఉన్నంతసేపే మందు పనిచేసేది. మీ కొంగు ఏ మందులో ఉడకబెట్టారు?"

"పొద్దున కట్టిన ఉతికిన చీర ఇది!"

"అచ్ఛా, పొద్దున్నుంచి దేనికీ తగల్లేదా?"

కొంగు వదిలేశాను. పెద్దాయనను తీసుకుపోయేటప్పుడు ఆయన భార్య ఈ కొంగులోనే మొహం దాచుకుని ఏడ్చింది.

ఆవిడ గొణుక్కుంటూ కడ్డీని మళ్ళీ తడిపింది. ఎక్స్‌రే నుంచి వచ్చిన మా ఆయన తలుపు దగ్గర స్ట్రెచర్ మీద మూలుగుతున్నారు. కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఆ పుండు ఈయనకూ వస్తే? మంచం ఆరేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు నేను.

పడుకోబెట్టాక ఆయన చుట్టూ చూసి, "పెద్దాయన ఏడీ?" అన్నారు.

"ఇంటికి వెళ్ళాడు."

"నయమైందన్నమాట. అయితే ఈ మంచం అచ్చొచ్చేదే. కాస్త దుప్పటి సర్దవే."

సర్దబోయి, ఆ కొంగు పట్టుకున్న చేతులేనని ఆగి, కడుక్కోవడానికి వెళ్ళాను. కడిగినవే మళ్ళీ కడిగాను. నీళ్ళు వృథాగా పోతున్నాయని తెలుసు. లోపల్నుంచి ఆయన పిలుస్తూనే ఉన్నారు. కొళాయి కట్టడానికి చెయ్యి రాలేదు.