ఎండలో పెట్టిన సెల్స్‌తో నేర్చిన ఇంగ్లీషు పాట

ముందే చెప్పేస్తున్నాను, నేను ఆవగింజని గుమ్మడికాయంత చేసి చెప్పే రకం. మొన్న సాయంత్రం వోల్టేజి పడిపోయి మా ఫ్యాను, నిద్రలో గేదె మూలిగినట్టు మూలిగింది. ఆ మూలుగుకి ఓ పాత భయం, దాంతోపాటు రాజోలు సామ్యూల్ మాస్టారూ గుర్తొచ్చారు. భయపడుతూనే పని చెయ్యడం నాకు నేర్పింది ఆయనే.

మాస్టారిది పెళ్ళిళ్ళకీ క్రిస్మస్‌కీ పాడే ఆర్కెస్ట్రా. అందులో నాది కీబోర్డు. తొంభైల్లో మామిడికుదురు దగ్గర గ్యాసు బావి తవ్వే క్యాంపుకి ఓ ఇంగ్లీషు ఇంజనీరు వచ్చాడు. ఎంత పొడుగంటే, కొబ్బరిచెట్లు ఆయన్ని చూసి సిగ్గుపడేవి. కుర్రతనంలో తనకో బ్యాండు ఉండేదని మాస్టారికో క్యాసెట్టు ఇచ్చాడు. అట్ట వెనక అచ్చయిన వాళ్ళ చరిత్ర నేనే చదివి వినిపించాను. నలుగురు స్నేహితులు, ఒకే ఒక్క రికార్డు, అదీ వాళ్ళ తల్లులు తప్ప ఎవరూ కొనలేదు, ఆ తర్వాత ఎవరి దారి వాళ్ళది.

“సైకడెలిక్ అని చదివేరు, అంటే ఏవిటండీ?” చిన్నవాణ్ణయినా నన్ను అండీ అనేవారు మాస్టారు.

“జ్వరంలో వచ్చే కలని వాయించడమండి.”

“ఆయ్. పాపం, జ్వరం తగ్గేలోపే విడిపోయేరన్నమాట.”

ఇంజనీరు వెళ్ళిపోయే రోజున, క్యాంపు వీడ్కోలు సభలో ఆయన పాటే వాయిస్తామని మాస్టారు మాటిచ్చేశారు. అప్పట్లో కరెంటు మాకు చుట్టపుచూపుగా వచ్చేది. టేపురికార్డరు సెల్స్ మీద నడవాల్సిందే. నీరసించిన సెల్స్‌ని మాస్టారు వడియాల పక్కన ఎండబెట్టి మళ్ళీ వేసేవారు. పాట ఈడ్చుకుంటూ, ఏడ్చుకుంటూ సాగేది. అదే దాని నడకనుకుని శ్రద్ధగా నేర్చేసుకున్నాం. తీరా సభ రోజు మధ్యాహ్నం మా డ్రమ్ముల బుజ్జి కొత్త సెల్స్ వేశాడు. పాట, తేనెటీగలు తరిమినట్టు పరుగెత్తింది. నా చెమటకి పక్కనున్న వైనతేయ గోదావరి పొంగిందంటే నమ్మండి.

“మానేద్దామండీ. ఆయన పాటని ఆయన ముందే చంపినట్టుంటది” అన్నాడు బుజ్జి.

మాస్టారు గిటారు భుజాన తగిలించుకున్నారు. “మాటిచ్చేం కదా బుజ్జీ. ఇప్పుడు పరిగెడితే మధ్యలో పడిపోతాం. మనకొచ్చిన నడకలోనే వెళ్దాం. భయమంటావా, అదీ పక్కనే నడుస్తది, నడవనీ.”

వాయించాం. ఇంజనీరు తల వంచుకుని కూర్చున్నాడు. పాట అయిపోయినా చప్పట్లు లేవు. ఆయన మెల్లగా లేచొచ్చి, మాస్టారి చెయ్యి పట్టుకుని, నోట్లోనే ఏదో గొణిగాడు.

“ఏవన్నారండీ?” మాస్టారు పాలిపోయిన మొహంతో నావైపు తిరిగారు.

“రాసినప్పుడు తన మనసులో ఉన్న పాట ఇదేనటండీ. మిగతావాళ్ళే తొందరపెట్టేసేరట.”

మాస్టారు కళ్ళు మూసుకుని, “ప్రభువుకి స్తోత్రం” అన్నారు.

మాస్టారు పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ నలుగురిలో నోరు విప్పాలంటే నాకు భయమే. దాన్ని పక్కనే నడవనిచ్చి, నాకొచ్చిన నడకలోనే మాట్లాడి దిగిపోతాను.

ఇక, కల్పించిందేదో చెప్పాలి. ఇంజనీరు పొడుగూ కాదు, నా చెమటా కాదు. ఆయన అన్నాడని నేను చెప్పిన మాటే. అచ్చులో ఇంగ్లీషైతే చదువుతాను గానీ, ఆ గొణిగిన ఇంగ్లీషు నాకొక్క ముక్క అర్థం కాలేదు. మెచ్చుకున్నాడో, తిట్టాడో ఈనాటికీ తెలియదు. మాస్టారు మాత్రం చివరిదాకా ఆ మాట అందరికీ చెప్పుకున్నారు. చెప్పినప్పుడల్లా నావైపు తిరిగి, “అంతేనాండీ?” అనేవారు.

“ఆయ్, అంతేనండి” అనేవాణ్ణి.